ఇల్లు పడవ కాదు

ఆ వీధిలో పెద్దాయన మాటకు ఎదురు లేదు. అందరిదీ ఒకటే పని. పడవ పలకల మధ్య సందుల్లో నూలుపీచు దూర్చి, కొయ్యసుత్తితో బిగించి, పైన కాచిన తారు పూయడం. సగం మందికి ఆ పని నేర్పింది పెద్దాయనే. ఏరు పొంగి చీలమండల దాకా నీళ్లొచ్చినప్పుడల్లా వాళ్లు గుమ్మాలకు పలకలు అడ్డం కొట్టి, పడవకు చేసినట్టే సందులు పూడ్చేవారు. బయట నీళ్లు, లోపల పొడి. ఆ పొడి నేల మీద కాళ్లు బారజాపుకుని అన్నం తినడం వాళ్లకు అదో గొప్ప.

ఈసారి వచ్చేది ఏరు కాదు, సముద్రం. తుపానుకు మనిషెత్తు వస్తుందని పొద్దున్నుంచీ మైకులో చెబుతున్నారు. మిట్ట మీది బడికి తీసుకెళ్లడానికి లారీలు తిరుగుతున్నాయి. వీధిలో ఒక్కరూ ఎక్కలేదు. పెద్దాయన ఎక్కలేదు కాబట్టి.

ఆయన కొడుకును వీధంతా దూది అనేది. ఏనుగంత మనిషి. తండ్రి తిడితే తల వంచుకునేవాడు, కొడితే చెంప తుడుచుకుని మళ్లీ పనిలో పడేవాడు. ఆ ఉదయం అతను వెనక తలుపుకు పలకలు కొడుతుంటే పెళ్లాం వచ్చి పలక పట్టుకుంది.

"బిగించొద్దండీ. పిల్లనీ అత్తయ్యనీ తీసుకుని లారీ ఎక్కుదాం. ఎక్కకపోతే తలుపులన్నా తీసి పెడదాం. నీళ్లు వస్తాయి, పోతాయి. గోడలుంటాయి."

"నాన్నకు చెప్పు."

"మీ నాన్నకు మీరు చెప్పాలి."

దూది పిడికెడు మేకులు నోట్లో పెట్టుకున్నాడు. నోట్లో మేకులుంటే మాట్లాడక్కర్లేదు.

ఆమె తాపీ పనివాళ్ల పిల్ల. చిన్నప్పుడు ఏటి అవతల ఇలాంటి నీళ్లే వస్తే, వాళ్ల నాన్న తలుపులు బిగించుకుని అందర్నీ లోపల కూర్చోబెట్టాడు. బయటి నీళ్ల బరువుకు గోడ లోపలికి పడింది. ఆమె తల్లి ఆ గోడ కింద పోయింది. పెళ్లయిన కొత్తలో ఒక్కసారి చెప్పింది ఆ సంగతి. దూది మర్చిపోలేదు. మర్చిపోనివాడు మాట్లాడాలి కదా, అది రాదు అతనికి.

"పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం మీ మామయ్యకి," అంది అత్తగారు, కుండలు అటక మీదికి అందిస్తూ. "నా తలనొప్పికి కూడా ఒకసారి తారు పట్టు వేశాడు. తగ్గిందనే చెప్పాను. తగ్గలేదంటే ఇంకో పట్టు వేస్తాడు."

మధ్యాహ్నం ఆఖరి లారీతో కోడలి అన్న వచ్చాడు. తాపీమేస్త్రి. ఒళ్లంతా తడిసి ఉన్నాడు.

"చెల్లెమ్మా, పిల్లనెత్తుకుని వచ్చేయ్. బావా, మీ అమ్మగారిని పట్టుకో."

పెద్దాయన గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. చేతిలో కొయ్యసుత్తి. సందులు పూడుస్తున్న ఇరుగుపొరుగు పని ఆపి చూస్తున్నారు.

"ఎవరి ఇంటి మనుషుల్ని ఎవరు రమ్మంటున్నారు?"

"పెద్దాయనా, కోపం తర్వాత పడుదువు గానీ. ఇల్లు పడవ కాదు. పడవైతే నీళ్లతో పాటు లేస్తుంది. ఇల్లు ఎక్కడికి లేస్తుంది? బయట మనిషెత్తు నీళ్లుండి లోపల ఏమీ లేకపోతే ఆ బరువంతా గోడ మొయ్యాలి. మొయ్యదు."

"నువ్వు కట్టిన గోడలు మొయ్యవులే. సిమెంటు కంటే ఇసక ఎక్కువ కలిపే చేతులవి."

వీధి నవ్వింది. తాపీమేస్త్రి నవ్వలేదు.

"మా అమ్మని చంపింది ఇసక కాదు."

"మీ అమ్మని చంపింది మీ అయ్య చేతకానితనం. సందు పూడ్చడం రానివాడు తలుపు ఎందుకు మూశాడు?"

తాపీమేస్త్రి ముసలాయన చొక్కా పట్టుకున్నాడు. పట్టుకున్నంతసేపు పట్టలేదు, కొయ్యసుత్తి లేచింది, దిగింది. మెడ పక్క ఎముక విరిగిన చప్పుడు దూదికి స్పష్టంగా వినపడింది, ఎండు పలక విరిగినట్టు. తాపీమేస్త్రి మోకాళ్ల మీద కూలాడు. ఆ తర్వాత వీధిలోని మగవాళ్లు వచ్చి పడ్డారు. పెద్దాయన చొక్కా మీద చెయ్యి వేసినవాణ్ని తన్నడానికి వాళ్లకు ఇంకో కారణం అక్కర్లేదు. డొక్కలో తన్నారు, మొహం మీద తన్నారు. కోడలు అన్న మీద పడి తన ఒళ్లు అడ్డం పెడితే ఆమె వీపు మీదా రెండు పడ్డాయి.

దూది అక్కడే ఉన్నాడు. నోట్లో మేకులున్నాయి. పెళ్లాం ఆ కాళ్ల మధ్య నుంచి తల ఎత్తి అతన్ని చూసింది. ఉన్నాడో లేడో చూసినట్టు చూసింది, అంతే.

లారీ డ్రైవరు దిగి వచ్చి తాపీమేస్త్రిని భుజాన వేసుకుని ఎక్కించాడు. తన తుండుగుడ్డ చింపి చెయ్యి కదలకుండా మెడకు కట్టాడు. తర్వాత ఇంజను ఆన్ చేసి, ఇటు వైపు తలుపు తెరిచి పెట్టి ఆగాడు. ఆమె కోసం. ఆగకూడనంతసేపు ఆగాడు.

ఆమె పాప కోసం లోపలికి పరుగెత్తింది. అప్పటికే పెద్దాయన నాలుగేళ్ల మనవరాల్ని ఎత్తుకుని అటక మీదికి చేర్చాడు. తన దుప్పటి నాలుగు మడతలు వేసి పరిచి, చలి తగలకుండా కాళ్లకు గుడ్డ చుట్టాడు. చేతులు ఎంత మెత్తగా కదిలాయంటే పాప నిద్ర చెదరలేదు. నిచ్చెన దిగి, దాన్ని పక్కకు లాగేశాడు.

"పోతే నువ్వు పో," అన్నాడు కోడలితో. "పిల్ల ఇక్కడే ఉంటుంది."

లారీ వెళ్లిపోయింది. దూది చేతనే ముందు తలుపు లోపలి నుంచి బిగింపించాడు పెద్దాయన. పలక మీద పలక, సందులో నూలు, నూలు మీద తారు. దూది పని తప్పుగా చేయలేడు. చేతులకు అలవాటు లేదు.

నీళ్లు వచ్చినప్పుడు పగలే. కానీ ఇంట్లో వెలుతురు రావడానికి ఒక్క సందు కూడా మిగల్లేదు కాబట్టి దీపం పెట్టుకున్నారు. ముందు వీధిలో ఏదో ఈడ్చుకొస్తున్న చప్పుడు. తర్వాత తలుపు మీద ఒకటే దెబ్బ, దున్నపోతు కుమ్మినట్టు. పలకలు మూలిగాయి. చుక్క రాలేదు. కిటికీ పలక మీద పెద్దాయన చెవి ఆనించి విన్నాడు.

"ఇక్కడి దాకా ఉంది," అన్నాడు రొమ్ము మీద చెయ్యి పెట్టి. వంగి నేల తడిమి, పొడి అరచెయ్యి భార్యకు చూపించాడు. "ఏమే, చూశావా?"

"చూశాను. గోడ కూడా చూడండి," అంది ఆవిడ.

సముద్రం వైపు గోడకు చెమట పడుతోంది. సున్నం పెచ్చులు ఉబ్బి రాలుతున్నాయి. దీపం దగ్గరికి తెచ్చి చూస్తే నడుమెత్తున ఒక గీత, ఈ మూల నుంచి ఆ మూలకు. ఆ గీత దగ్గర గోడ లోపలికి పొట్ట పెడుతోంది.

కోడలు గొడ్డలి అందుకుంది. గుమ్మం వైపు నడిచింది. పెద్దాయన అడ్డం వచ్చాడు.

"మామయ్యా, తప్పుకోండి. లోపలికి నీళ్లు రానివ్వాలి. గోడ ఇంకెంతోసేపు ఆగదు."

"నా పలక మీద గొడ్డలి పెడతావా?"

"పెడతాను. పైన నా పిల్ల ఉంది."

ఆమె గొడ్డలి ఎత్తింది. కొయ్యసుత్తి ఆమె మణికట్టు మీద పడింది. గొడ్డలి జారిపోయింది, చెయ్యి ఉండకూడని చోట వంగింది. ఆమె ఎడమ చేత్తో మళ్లీ గొడ్డలి కోసం వంగింది. పెద్దాయన మళ్లీ సుత్తి ఎత్తాడు. ఈసారి తలకు.

దూది మధ్యాహ్నం నుంచి ఉమ్మని మేకులు అప్పుడు ఉమ్మాడు.

తండ్రి చెయ్యి గాల్లోనే పట్టుకున్నాడు. ముసలాయన రెండో చేత్తో కొడుకు కళ్లలోకి వేళ్లు పొడిచాడు, మోకాలితో పొత్తికడుపులో కుమ్మాడు, చెవి కొరికాడు. జీవితమంతా చెక్కను కొట్టిన ఒళ్లు అది, ముసలిది గానీ గట్టిది. దీపం కాళ్లకు తగిలి పడిపోయేదే, అత్తగారు పక్కకు తీసింది. దూది చెవి నుంచి కారుతున్న రక్తం మెడ మీదికి వెచ్చగా వచ్చింది. అప్పుడు పిడికిలి బిగించి తండ్రి దవడ మీద కొట్టాడు. ఒక్క దెబ్బ. ఎంత బలముందో అతనికే తెలియదు, ఎప్పుడూ వాడలేదు. పెద్దాయన దవడ పక్కకు జరిగి అక్కడే ఉండిపోయింది. గోడకు కొట్టుకుని కిందికి జారాడు.

దూది తన చేతిని చూసుకుంటూ నిలబడ్డాడు.

"ఏడుద్దువు గానీ తర్వాత," అంది తల్లి. "ముందు పని చూడు."

"గొడ్డలి వద్దు," అంది పెళ్లాం, విరిగిన చెయ్యి ఒళ్లోకి తీసుకుని. "ఒక్కసారిగా తెరిస్తే తలుపే వచ్చి మీద పడుతుంది. బెజ్జాలు పెట్టండి, కింద."

బెజ్జాలు పెట్టే బరమా తీశాడు. పడవకు బెజ్జం పెట్టడం అంటే ఆ పనివాళ్లలో కన్నతల్లిని కొట్టినట్టు. తండ్రిని కొట్టాక అది పెద్ద విషయం అనిపించలేదు. గడపకు జానెడు పైన బరమా ఆనించి తిప్పాడు. పొట్టు, తడి పొట్టు, ఆ తర్వాత నీళ్లు బరమాను వెనక్కి తన్ని అతని రొమ్ముకు కొట్టాయి. ఉప్పు నీళ్లు. పక్కనే ఇంకోటి, ఇంకోటి. నేల మీద పొడిగా ఉన్నదంతా నిమిషంలో పోయింది. మోకాళ్ల దాకా వచ్చాక నిచ్చెన తిరిగి వేసి పెళ్లాన్ని, తల్లిని ఎక్కించాడు. తండ్రిని చంకలో ఇరికించుకుని మళ్లీ వంగి, నీళ్లలో చేత్తో తడుముతూ బెజ్జాలు పెట్టాడు.

లోపల నీళ్లు లేచేకొద్దీ గోడ మూలుగు తగ్గింది. గీత అలాగే ఉంది. పొట్ట మాత్రం ఇక పెరగలేదు.

అటక మీదికి తండ్రిని ఎక్కించి పెంకులు తీశాడు. తల బయట పెట్టి చూస్తే వీధి లేదు, చప్టాలా పరుచుకున్న మురికి నీళ్లలో కప్పులున్నాయి. అన్నీ బిగించిన ఇళ్లే. అరిచాడు, గోడలు పడతాయని, బెజ్జాలు పెట్టమని. ఎదురింటి కప్పు కింద నుంచి ఒక గొంతు వచ్చింది.

"మీ నాన్న చెప్పాడా?"

"చెప్పాడు."

"నీ నోటితో కాదురా దూదీ. ఆయన్ని చెప్పమను."

దూది వెనక్కి చూశాడు. ఆ వీధి వినే ఒకే ఒక్క నోరు అటక మీద దవడ తప్పి, నెత్తురు కారుతూ పడి ఉంది. ఆ దెబ్బ తనదే.

అప్పుడే వీధి చివర ఒక ఇల్లు పోయింది. కూలిన చప్పుడు కాదు, మింగిన చప్పుడు. కప్పు ఉన్నట్టుండి కిందికి దిగింది, పెంకులు నీళ్ల మీద తేలాయి, మనుషులు తేలలేదు. కోడలు ముందు లేచింది.

"మామయ్యా, రండి," అంది. బాగున్న చేత్తో ఆయన చంక కింద పట్టి, పెంకుల సందు దాకా లాగింది.

పెద్దాయన తల బయట పెట్టాడు. ఏదో అన్నాడు. నెత్తురు, ఉమ్మి, మాట కాని మూలుగు. కోడలు ఆయన నోటి దగ్గర చెవి పెట్టింది. తన తలకు సుత్తి ఎత్తిన మనిషి నోటికి.

"గడపకు పైన బెజ్జాలు పెట్టమంటున్నారు," అని అరిచింది.

ఎదురింటి పెంకు ఒకటి లేచింది. ఒక మొహం. పెద్దాయన్ని చూసి తెల్లబోయింది. "ఎందుకు? చుక్క రాలేదు మాకు."

పెద్దాయన మళ్లీ గొణిగాడు. కోడలు విని, చెప్పకుండా ఊరుకుంది. ఆయన ఆమె భుజం పట్టి కుదిపాడు. చెప్పు, అన్నట్టు.

"పొరపాటు చేశారట," అంది ఆమె, గొంతు తగ్గించి. ఆయన మళ్లీ కుదిపాడు. ఈసారి గట్టిగా చెప్పింది. "మామయ్య చెబుతున్నారు. మీకు నేర్పింది తప్పంట. ఇల్లు పడవ కాదంట."

ఎదురింటాయన పెద్దాయన మొహంలోకి చూశాడు. పెద్దాయన తల ఊపాడు. ఊపినప్పుడు దవడ నొప్పికి కళ్లలోంచి నీళ్లు కారాయి. ఎదురింటి పెంకు దిగింది. కాసేపటికి లోపల చెక్కలోకి బరమా తిరుగుతున్న చప్పుడు నీళ్ల మీదుగా వినపడింది.

అత్తగారు చీర కొంగు చింపి కోడలి మణికట్టుకు పుల్ల పెట్టి కడుతోంది. పాప లేచి, తాత దుప్పటిలోంచి చూస్తోంది. పెద్దాయన కొడుకు వైపు తిరిగి ఏదో అన్నాడు.

"ఏమంటున్నాడు?" అడిగాడు దూది.

"నీళ్లు తీశాక మీ సంగతి చూస్తారట," అంది పెళ్లాం.

"సరే అను."

దూది తండ్రి నడుం పట్టుకుని, పెంకుల మీద ఇంకాస్త పైకి ఎత్తి, పక్కింటి వైపు తిప్పాడు. కోడలు ఆయన నోటి దగ్గర చెవి పెట్టి, పక్కింటివాళ్లను పిలిచింది. జవాబు రాలేదు. మళ్లీ పిలిచింది.