మేనమామ ఒడి

మాలో సున్తీ రోజున పిల్లవాణ్ణి మేనమామ ఒడిలో కూర్చోబెడతారు. కొత్తబట్టలు తెచ్చేదీ, కదలకుండా పట్టుకునేదీ, ఏడిస్తే నోట్లో పటికబెల్లం పెట్టేదీ ఆయనే. నా కొడుకు ఖాదర్‌కి మేనమామ లేడు. ఒకప్పుడు ఉండేవాడు. పేరు మౌలాలి, నాకు రెండేళ్ళు పెద్ద. ఏడో ఏట విషజ్వరంతో పోయాడని మా అమ్మ బీబీజాన్ ఊరంతా చెప్పింది. నా పెళ్ళిచూపుల్లోనూ అదే చెప్పింది.

అది పచ్చి అబద్ధం. సున్తీ చేశాక మౌలాలికి నెత్తురు ఆగలేదు. బూడిద అద్దారు, పసుపు అద్దారు, గుడ్డల మీద గుడ్డలు మార్చారు. మూడోనాటికి వాడి పెదాలు కూడా తెల్లబడిపోయాయి. నేను గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాను. అమ్మ తమ్ముడు కూడా చిన్నప్పుడు అలాగే పోయాడట. అప్పటిదాకా దిష్టి అనుకున్న అమ్మకి ఆ రోజు సంగతి అర్థమైంది. తన నెత్తి మీద నా చెయ్యి పెట్టించుకుని ఒట్టు వేయించింది.

"మన ఆడోళ్ళకి పుట్టిన మగపిల్లలకి నెత్తురు నిలవదే. ఈ మాట గడప దాటిందా, నీకు పెళ్ళవదు. నీ తరవాత ఆడపిల్ల పుడితే దానికీ అవదు."

అప్పటికి నా చెల్లెలు చాంద్ సుల్తానా అమ్మ కడుపులో ఉంది. దానికి ఇదేమీ తెలియదు.

డెబ్బై ఎనిమిదిలో ఖాదర్‌కి ఆరేళ్ళు నిండాయి. మాది పూర్ణా మార్కెట్ వెనక పరుపుల కొట్టు. మా ఆయన హుస్సేన్ బాషా దూది ఏకుతాడు, నేను పరుపులు కుడతాను. దూదేకులవాళ్ళం, ఇంట్లో తెలుగే మాట్లాడతాం. అందుకని మా ఊరి పాతబస్తీలో కొందరికి మేము తురకలమో కాదో అని ఎప్పుడూ అనుమానమే. ఆ అనుమానం తీర్చడానికి మా అత్త పడే తిప్పలు ఇన్నీ అన్నీ కావు. మనవడి సున్తీ శుక్రవారం, చిన్నకొడుకు నజీర్ నిఖా ఆదివారం, ఒకే పందిరి కింద కానిచ్చేద్దామంది. నజీర్ పోర్టులో కళాసీ. పెళ్ళికూతురు ఎవరో కాదు, మా చాందే.

ఆ నెలలోనే ఖాదర్‌కి పాలపన్ను ఊడింది. రెండు రోజులు నెత్తురు కారింది. కంచరపాలెంలో గురునాథరావు డాక్టరు దగ్గరికి ఇద్దరం తీసుకెళ్ళాం. ఆయన పిల్లాడి మోకాళ్ళు నొక్కి చూసి, నా వైపు తిరిగాడు.

"మీ పుట్టింటివైపు మగపిల్లలెవరైనా ఇలా రక్తం ఆగక పోయారామ్మా?"

పక్కన మా ఆయన ఉన్నాడు. పన్నెండు రోజుల్లో చెల్లెలి పెళ్ళి.

"లేదండీ" అన్నాను. నా నోరు పడిపోయినా బాగుండేది.

డాక్టరు రక్తపరీక్షకి చీటీ రాశాడు. పరీక్ష అయ్యేదాకా సున్తీ వద్దన్నాడు. అక్కడితో ఆగితే పోయేది. "అసలు ఈ రోజుల్లో ఈ కోతలెందుకయ్యా?" అని కూడా అన్నాడు. అంతే, మా ఆయన మొహం మాడిపోయింది. బయటికొచ్చి చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఈల ఆసుపత్రికి ఎల్తే పేరు రాసుకుని ఏటి కోసెత్తారో ఎవలికి తెల్సు? మొన్న ఎమర్జెన్సీలో మా మేనత్త కొడుక్కి అలాగే కదా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ సేసేసినారు. మన సున్తీల ఉస్తాద్ నలభై ఏళ్ళనుంచి సేత్తన్నాడు, ఎవలికేటి అయింది?"

నేను ఊరుకోలేదు. ప్రాణం మీదికొచ్చేలా ఉంటే మన మతం ఏమంటుందో కనుక్కోమని పోరాను. పాపం, వెళ్ళి మసీదులో నమాజు చేయించే హజ్రత్‌ని అడిగొచ్చాడు.

"పేనభయం ఉంటే సున్తీ ఆపినా పాపం లేదన్నారు. పెవక్త ఆచారమే గానీ, అది పేనం తరవాతే అన్నారు. మనకి భయమేటి? మీ వైపు ఎవలికీ లేదని నువ్వే సెప్పినావు కదా."

అబద్ధం ఆడింది నేను, దాంట్లో ఇరుక్కున్నదీ నేనే. డాక్టరు వద్దన్నాడు, హజ్రత్ మానొచ్చన్నాడు. ఒక్క మాట చెబితే నా కొడుకు బతుకుతాడు. అదే మాటతో నా చెల్లెలి పెళ్ళి ఆగిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రోజూ పరుపు కుడుతూ ఈ దరికీ ఆ దరికీ కొట్టుకున్నాను. సూది ఎన్నిసార్లు వేల్లో దిగిందో లెక్కలేదు.

ఉండబట్టలేక బుధవారం అమ్మ దగ్గరికి వెళ్ళాను. అమ్మ పెళ్ళి బట్టలు సర్దుతోంది.

"అమ్మా, సెప్పేత్తానే."

"రెండు దినాలు ఓర్సుకో. అల్లా సూసుకుంటాడు."

"అన్నని సూసుకున్నాడా?"

అమ్మ చేతిలో చీర మడత విప్పి మళ్ళీ మడిచింది. తరవాత నా కళ్ళలోకి చూడకుండా అంది. "నాకూ కొడుకు పోనాడు. నాను బతకలేదేటి?"

ఆ క్షణంలో ఆమె మీద అసహ్యం పుట్టింది. ఆమెను అలా రాయి చేసిందేమిటో నాకు తెలుసు, అయినా పుట్టింది.

శుక్రవారం నమాజు అయ్యాక జనం వచ్చారు. ఖాదర్ తలకి పూల సెహరా కట్టారు. వాడు గుర్రమెక్కి ఊరేగుతానన్న సంతోషంలో ఉన్నాడు. గుర్రం దిగాక ఏం చేస్తారో వాడికి ఎవరూ చెప్పలేదు. ఊరేగింపు అయ్యాక, మేనమామ లేడు గనక నజీర్ ఒడిలో కూర్చోబెట్టారు. ఉస్తాద్ వచ్చి పెట్టె విప్పాడు. డెబ్బై దాటిన మనిషి, చేతులు మాత్రం వణకవు. కత్తి తీసే ముందు తలెత్తి అడిగాడు.

"తల్లి ఎవులు? పిల్లడి మేనమామకి గాయం సులువుగా మానిందా?"

అందరూ నవ్వారు. మా అత్త విసుక్కుంది. "ఇదేటి పెశ్న, ఉస్తాద్?"

"మా నాయిన నేర్పినాడమ్మా. తల్లి అన్నదమ్ముల సంగతి అడక్కుండా కత్తి ముట్టుకోవద్దన్నాడు. నలభై ఏళ్ళనుంచి అడుగుతన్నాను."

మా అమ్మ వెంటనే అందుకుంది. "ఆడు జొరంతో పోనాడు. సున్తీ కాకముందే."

ఉస్తాద్ ఆమెను చూడలేదు, నన్ను చూశాడు. "నువ్వు సెప్పు తల్లీ."

గుమ్మం దగ్గర చేతులనిండా గోరింటాకుతో చాంద్ నిలబడి ఉంది. ఖాదర్ నన్ను చూసి నవ్వాడు. పై వరసలో ఊడిన పన్ను చోటు కనబడింది.

"జొరం కాదు" అన్నాను. "సున్తీ సేసినాక నెత్తురు ఆగలేదు. మూడు రోజులు కారి పోనాడు. మా అమ్మ తమ్ముడూ అలాగే పోనాడు. మా ఆడోళ్ళ నుంచి వత్తాది ఇది. డాక్టరు అడిగితే అబద్ధం సెప్పినాను."

ఉస్తాద్ కత్తిని గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టేశాడు. పిల్లాడి తల నిమిరి, కర్ర అందుకుని వెళ్ళిపోయాడు. మా ఆయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. కొడుకుని నజీర్ ఒడిలోంచి తీసుకుని భుజాన వేసుకున్నాడు. ఆయన జేబులో ఆ చీటీ ఇంకా ఉందో లేదో, చెయ్యి పెట్టి తడుముకుంటున్నాడు.

మా అత్త మాత్రం లెక్క తేల్చేసింది. "ఒక్క కోడలు సాలు ఆ ఇంటినుంచి. ఆదివారం నిఖా లేదు, పందిరి పీకించేయండి." నజీర్ తల దించుకున్నాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నేలమీద కూలబడింది.

నేను చాంద్ దగ్గరికి వెళ్ళాను. కొడుతుందనుకున్నాను, కొట్టినా పడదామనుకున్నాను.

"నీ పెళ్ళి పాడు సేసినానే. నా కొడుకు కోసం సెప్పాల్సొచ్చింది" అన్నాను.

అది గోరింటాకు చేతులు రెండూ పొట్టకి ఆనించుకుంది. కొత్త చీరకి మరకలంటుకున్నాయి. ఏడవలేదు.

"నీ కొడుకు కోసం సెప్పినావక్కా. నాకు పెళ్ళయిపోయి, నాకో కొడుకు పుడితే, అప్పుడు సెబుదువా?"

అన్నాళ్ళూ చెల్లెలి పెళ్ళి కాపాడుతున్నాననే అనుకున్నాను. దానికీ కొడుకు పుడతాడని ఒక్కసారి కూడా నాకు తట్టలేదు.