ముగ్గు మధ్యలో జంక్షన్ బాక్సు

నేను ఒక జంక్షన్ బాక్సుని. కొయ్యపెట్టె, మూడు ప్లగ్గులు, ఒక స్విచ్చి, ప్రాణముందని చెప్పడానికి ఒక ఎర్రలైటు, వెనకాల మేడ మీంచి నేల మీదకి దిగేంత వైరు. ఇంతే నేను. నన్ను ఎవరూ మెచ్చుకోరు, పని అయిపోతే కాలితో పక్కకి నెడతారు. దానికి నాకేం కోపం లేదు. నా మంటంతా ఒక్కదాని మీదే. ఆ తెల్లకారు మీద.

నన్ను బిగించుకున్నది నరసరావుపేటలో ఒక టెంట్‌హౌసు వాళ్ళు. మైకు సెట్లకీ, సీరియల్ బల్బులకీ, పెద్ద ఫ్యాన్లకీ నేనే దిక్కు. నా మీద సాంబారు ఒలికింది, అక్షింతలు పడ్డాయి, పేకాటరాయుళ్ళ సిగరెట్టు బూడిద పడింది. పొద్దున గృహప్రవేశం, సాయంత్రం పెద్దకర్మ. నవ్వేవాళ్ళకీ ఏడ్చేవాళ్ళకీ ఒకటే కరెంటు. ఏసీ ఫంక్షన్ హాళ్ళు వచ్చాక టెంట్‌హౌసు మూతబడింది. పాత సామాను అమ్ముతుంటే చెన్నకేశవులు వచ్చి నన్ను తీసుకున్నాడు. ఎంత బరువు మోస్తావని నన్ను ఒక్క మాట అడగలేదు.

చెన్నకేశవులుది విత్తనాల కంపెనీలో ఉద్యోగం. రోజూ ఊళ్ళు తిరగాలి. పెట్రోలు పోసి పోసి విసిగిపోయి కరెంటు కారు కొన్నాడు. కొన్నాక గుర్తొచ్చింది, ఇంటికి కారు పెట్టే చోటే లేదని. పై వాటాలో ఆయనా, భార్య భ్రమరాంబా ఉంటారు. కింద వాటాలో నాగజ్యోతి అనే పసిబిడ్డ తల్లి అద్దెకుంటుంది. మొగుడు శ్రీహరి లారీలకి బాడీలు కట్టే షెడ్డులో పనిచేస్తాడు. పాకే కొడుకు లోహిత్. కారేమో సందులో సరిగ్గా నాగజ్యోతి గుమ్మం ముందు నిలబడింది, పెళ్ళికి పిలవని పెత్తనందారులాగా.

కారుతో పాటు గోడకి వేరే లైను, వేరే ఎర్తు వేయించుకోమని షోరూమువాళ్ళు చెప్పారట. ఆయన వింటే కదా! ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడే రకం. పై వాటా బాల్కనీలోంచి నా వైరు కిందకి వదిలాడు, నన్ను నాగజ్యోతి అరుగు పక్కన నేల మీద పెట్టాడు. చార్జరు నాలో గుచ్చగానే అది ఎర్రలైటు వేసి మొరాయించింది. ఎర్తు లేదంది. దానికైనా బుద్ధుంది. ఎర్తంటే దారి తప్పిన కరెంటుని మనుషుల జోలికి పోనివ్వకుండా భూమిలోకి పంపే దారి. చెన్నకేశవులు ఒక పచ్చవైరు ముక్క తెచ్చి, ఒక కొస నాకు బిగించి, ఇంకో కొస నాగజ్యోతి నీళ్ళు పట్టుకునే కుళాయి మెడకి చుట్టాడు. చార్జరు మోసపోయి పచ్చలైటు వేసింది.

"చూశావా, బుర్ర!" అని బాల్కనీలో ఉన్న పెళ్ళాం వంక చూశాడు.

ఇక ఆ కారు గొప్ప చెప్తాను వినండి. అద్దం ముందు ఒక అంకె ఉంటుంది. ఇంకెంత దూరం పోగలదో చెబుతుందట. ఇంటి దగ్గర ఒక మాట చెబుతుంది, శ్రీశైలం కొండెక్కేటప్పుడు ఇంకో మాట. ఏసీ వేస్తే అంకె జారుతుంది, అంకె జారితే ఆయన ముఖం జారుతుంది, వెంటనే ఏసీ కట్టేస్తాడు. ఎండల్లో భ్రమరాంబ కొత్త కారులో కూర్చుని చెంగుతో విసురుకునేది.

"దీనికన్నా పల్లెవెలుగు బస్సు నయం. ఎక్కి కూర్చుంటే దింపేదాకా బాధ వాళ్ళది" అనేది.

"నీకేం తెల్సే! ఇక మనం పెట్రోలు బంకు మొహం చూడక్కర్లేదు" అనేవాడు.

నిజమే, బంకు మొహం చూడలేదు. ఊళ్ళో అందరి గోడలూ చూశాడు, ప్లగ్గు ఎక్కడుందా అని. దారిలో చార్జింగు మిషన్లున్నాయి. ఒకటి పనిచెయ్యదు. ఒకదాని ముందు వేరే కారు కదలకుండా ఉంటుంది. ఇంకోటి ఫోనులో ఏదో దించుకోమంటుంది, అక్కడేమో సిగ్నలుండదు. అందుకని నన్ను డిక్కీలో వేసుకుని తిరిగేవాడు. చుట్టాలింటికి పోతే మంచినీళ్ళకన్నా ముందు ప్లగ్గు అడిగేవాడు. కొన్నాళ్ళకి చుట్టాలు ఆయన్ని చూడగానే, "కరెంటు లేదు బావా, ఇప్పుడే పోయింది" అనడం మొదలెట్టారు. వాళ్ళ వెనకాల ఫ్యాను తిరుగుతూనే ఉండేది.

పిడుగురాళ్ళలో ఆయన మేనత్త పోయినప్పుడు జరిగింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. దూరం నుంచి రావాల్సినవాళ్ళ కోసం ఆవిణ్ణి ఐసుపెట్టెలో పడుకోబెట్టారు. చెన్నకేశవులు దండ వేశాడు, దణ్ణం పెట్టాడు, కళ్ళు తుడుచుకున్నాడు, మెల్లగా పక్కకి తిరిగి, "అన్నయ్యా, ఇక్కడ ప్లగ్గేదన్నా ఖాళీగా ఉందా?" అన్నాడు. ఐసుపెట్టె పక్కనే నన్ను గుచ్చాడు. ఢమాల్‌మని ఫ్యూజు ఎగిరిపోయింది. ఏడుపులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఒక ముసలమ్మ మాత్రం అంది: "పోయినదానికి కాస్త చల్లదనం కూడా ఉంచలేకపోయావట్రా, నాయనా!"

సొంత షెడ్డు, సొంత లైను ఉన్నవాళ్ళకి ఇలాంటి కారు బాగానే పనికొస్తుందేమో, నాకు తెలియదు. నేను చూసిన మనిషికి ఆ రెండూ లేవు. లేని రెంటినీ పక్కవాళ్ళ మీద తోశాడు. అదీ నా కోపం.

ధనుర్మాసం వచ్చింది. ఆ నెలలో సందులో ప్రతి గుమ్మం ముందూ చీకటుండగానే కళ్ళాపి, ముగ్గు. భ్రమరాంబ పైనుంచి చెప్పింది: "తెల్లారేసరికి వాకిట్లో నీళ్ళు పడాలి జ్యోతీ, ముగ్గుండాలి. ఇంటికి లక్ష్మి." చెన్నకేశవులు కూడా పైనుంచే చెప్పాడు: "నేను లేచి ప్లగ్గు తీసేదాకా అక్కడ చుక్క నీళ్ళు పడకూడదమ్మా." ఆయన లేచేది ఎండెక్కాక. అద్దెకున్నదాని మెడకి రెండు పలుపులు. ఒకళ్ళు ఇటు లాగుతారు, ఒకళ్ళు అటు.

పాపం ఆ పిల్ల ఏం చేసిందో తెలుసా? బకెట్టుతో గుమ్మరించకుండా దోసిలితో నా చుట్టూ చిలకరించేది. చుక్కలు పెట్టి, నన్ను మధ్యలో వదిలి, చుట్టూ తీగలల్లేది. ఎదురింటి సుబ్బాయమ్మ చూసి నవ్వేది.

"ఏమ్మా జ్యోతీ, కొత్త దేవుడా? గుమ్మడిపువ్వు పెట్టలేదేం?"

"పూజారిగారు పైన నిద్రపోతున్నారు పెద్దమ్మా, లేవనియ్యి" అనేది.

నవ్వుతూనే అనేది గానీ దాని కళ్ళు నా మీదే ఉండేవి. లోపల పిల్లాడు కదిలిన చప్పుడైతే ముగ్గు వదిలేసి గుమ్మం దగ్గరికి పరిగెత్తేది. ఆ భయం ఉత్తది కాదు. రాత్రంతా ఆ కారుకి కరెంటు మోసి మోసి నా ఒళ్ళు మూకుడులా కాలేది. లోపల వైరు తొడుగు అట్టు అంచులా నల్లబడి ఊడింది. లోపల ఆగాల్సిన కరెంటు కొంచెం కొంచెంగా ఆ పచ్చవైరు వెంట కుళాయిలోకి జారడం మొదలైంది.

ఒకరోజు కుళాయి పట్టుకున్న నాగజ్యోతి చెయ్యి వెనక్కి లాక్కుంది. పైకెళ్ళి చెప్పింది.

"బాబాయిగారూ, కుళాయి జిల్లుమంటుందండీ."

"చలికాలం నీళ్ళు కదమ్మా, జిల్లుమనక వేడిగా ఉంటాయా?"

"చల్లదనం కాదండీ. చెయ్యి గుంజింది."

"అందులో కంప్యూటరుంటుందమ్మా. ఏమన్నా తేడా వస్తే దానంతటదే ఆగిపోద్ది. తొమ్మిదితో బడి మానేసినదానివి, నీకెట్టా చెప్పేది?"

నాగజ్యోతి దిగొచ్చేసింది. అప్పట్నుంచి చీరకొంగు చేతికి చుట్టుకుని కుళాయి తిప్పేది.

రెండోసారి ఆ కుళాయిని ఒట్టి చేత్తో పట్టుకున్నది పిల్లాడు. వాణ్ణి చంకనేసుకుని, బకెట్టు కింద పెట్టి వంగింది. తను కొంగు చుట్టుకునేలోపల వాడు చెయ్యి చాచి పట్టేశాడు. నాలోంచి జారేదంతా వాడి గుప్పిట్లోకి పోయింది. ఆపుకోవడం నా చేతిలో లేదు. తల్లికీ తగిలింది. వాణ్ణి గుంజుకుని వెనక్కి పడింది. బకెట్టు దొర్లిపోయింది.

పిల్లాడు ఏడవలేదు. నోరు తెరుచుకునే ఉంది, గొంతు లేదు. పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి.

"లోహీ! నాన్నా! ఏడువురా! ఏడువు!" అని వీపు చరిచింది, ముఖాన ఊదింది. గుక్క తిరిగి వాడు కేరుమనేసరికి సందంతా వినబడింది. బిడ్డ ఏడుస్తుంటే నవ్విన తల్లిని నేను అప్పుడే చూశాను.

బాల్కనీలోంచి చెన్నకేశవులు తొంగిచూశాడు. "ఏమైందమ్మా? ప్లగ్గేమన్నా కదిలిందా? చార్జింగు ఆగిపోయినట్టుందే!"

సాయంత్రం శ్రీహరి వచ్చి అంతా విన్నాడు. పిల్లాడి అరచెయ్యి చూశాడు. తల దించుకున్నాడు.

"ఇప్పుడు గొడవ పెట్టుకుంటే ఖాళీ చెయ్యమంటారే. పిల్లాడితో ఎక్కడికి పోతాం?"

"ఖాళీ చెయ్యకపోతే పిల్లాడెక్కడికి పోతాడో చూశావుగా" అంది.

మర్నాడు తెల్లారింది. సందులో అన్ని గుమ్మాల ముందూ తడి, ముగ్గులు, గొబ్బెమ్మలు. చెన్నకేశవులు ఇంటి ముందు మాత్రం పొడి నేల, దుమ్ము, నేను. నాగజ్యోతి తలుపు వేసే ఉంది. మా వైపు ధనుర్మాసంలో వాకిలి బోసిగా ఉందంటే ఒకటే అర్థం. ఆ ఇంట్లో ఎవరో పోయారని. పాలాయన సైకిలు దిగి, చెప్పులు విప్పి, గొంతు తగ్గించి పైకి పిలిచాడు.

"అమ్మా, అయ్యగారు... బాగానే ఉన్నారా?"

భ్రమరాంబ తలకి చుట్టిన తువ్వాలుతోనే మెట్లు దిగొచ్చి తలుపు బాదింది.

"ఏమే జ్యోతీ! నెలపట్టున నా వాకిలి చావిల్లులా పెట్టావేందే?"

తలుపు తెరుచుకుంది. నాగజ్యోతి భుజం మీద పిల్లాడు నిద్రపోతున్నాడు. ఆ పిల్ల గొంతు పెంచలేదు.

"చావిల్లు కాకూడదనే పిన్నిగారూ. ఆ కుళాయి మీరు తిప్పి బకెట్టు నింపివ్వండి. కళ్ళాపి నేనే చల్లుతాను."

భ్రమరాంబ కుళాయి వంక చూసింది. దాని మెడకున్న పచ్చవైరు చూసింది. పిల్లాడి చెయ్యి చూసింది. చెయ్యి చాపబోయి వెనక్కి తీసుకుంది. తలెత్తి పైకి చూసింది. నోట్లో బ్రష్షుతో చెన్నకేశవులు నిలబడి ఉన్నాడు.

"ఏమండీ, దిగొచ్చి ఈ కుళాయి తిప్పండి."

"ఉండవే, ప్లగ్గు తీసి వస్తా."

"తియ్యకుండా రండి. కంప్యూటరుందన్నారుగా!"

సుబ్బాయమ్మ చూస్తోంది, పాలాయన చూస్తున్నాడు. చెన్నకేశవులు నోట్లో నురుగు మింగాడు. దిగలేదు. లోపలికెళ్ళి ప్లగ్గు పీకేశాడు. నా ఎర్రలైటు ఆరిపోయింది. ఇంతకాలం వెలిగినా రాని గౌరవం ఆరిపోయినప్పుడు వచ్చినట్టనిపించింది నాకు.

ఇప్పుడు ఆ కారు ఊరి చివర ఆయన బావమరిది పత్తి గోడౌనులో ఉంటోంది. అక్కడ లైనుంది, ఎర్తుంది. పొద్దున్నే చెన్నకేశవులు పాత మోటారుసైకిలు మీద గోడౌనుకి పోయి, దాన్ని అక్కడ పెట్టి, కారు తీసుకుని ఊళ్ళ మీదకి పోతాడు. బంకు మొహం చూడనన్నవాడు కారు మొహం చూడ్డానికి పెట్రోలు పోసుకుంటున్నాడు. నాగజ్యోతి ఆ ఇంట్లోనే ఉంది. పచ్చవైరు తీసేసినా, కుళాయి తిప్పే ముందు చీరకొంగు చేతికి చుట్టుకోవడం మానలేదు.

నన్ను పాత సామాన్ల కొట్టుకి వేశారు. ఇక్కడ వైర్లని మంటలో వేసి, తొడుగు కాలిపోయాక లోపలి రాగి తీసుకుంటారు. నా వంతు ఎప్పుడొస్తుందా అని హాయిగానే ఎదురుచూస్తున్నాను. ఇవాళ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాయన ఒకడు వచ్చాడు. కొట్టాయన నన్ను దుమ్ము దులిపి చూపించాడు.

"కొంచెం కాలింది సార్. పనికైతే వస్తది."

"కారు చార్జింగుకేలే. ఏం పర్లేదు, కింద వాటావాళ్ళ గుమ్మం దగ్గర పడుంటది" అన్నాడాయన.

మంట నాకు రెండడుగుల దూరంలోనే ఉంది. కాళ్ళుంటే నేనే నడిచివెళ్ళి అందులో పడేదాన్ని.