పదిహేను రోజుల దెబ్బ

గ్రీవస్ అనే మాటను అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో దక్షిణామూర్తి సారు బోర్డు మీద రాసి, ‘తీవ్రమైన’ అని అర్థం చెప్పారు. గాయానికి ముందు వస్తుంది, నష్టానికి ముందు వస్తుంది, తప్పుకు ముందు వస్తుంది అన్నారు. కానిస్టేబుల్ పరీక్షకు పనికొస్తుందని బుద్ధిగా రాసుకున్నాను.

అవసరం పడింది మా నాయన బాలప్పకు. కవాడిగూడలో అపార్ట్‌మెంట్ పని దగ్గర, నీళ్లు తాగడానికి కిందికి దిగాడని సూపర్‌వైజర్ ప్రేమ్‌సాగర్ సెంట్రింగ్ చెక్కతో నాయన నడుము మీద కొట్టాడు. ఎక్స్‌రేలో ఎముక విరగలేదు. స్టేషన్‌లో ఎస్ఐ నాకు విడమరిచి చెప్పాడు.

“బొక్క ఇరగలే గదమ్మా, ఇగ ఒక్కటే తొవ్వ. పదిహేను దినాలు తన పని తాను చేసుకోలేకపోతె గ్రీవస్ అయితది. లేకుంటె సింపుల్. ఫైన్ కట్టి బయటపడ్తడు వాడు.”

నాయన మంచం మీద బోర్లా పడుకుని, ఒత్తిగిలాలంటే పళ్లు బిగించేవాడు. నేను చిక్కడపల్లి లైబ్రరీ మానేసి కాపలా కూర్చున్నాను. తండ్రి దెబ్బ తొందరగా మానకూడదని మొక్కుకునే కూతురు ఎక్కడైనా ఉంటుందా? నేను మొక్కుకున్నాను. సిగ్గు కూడా వేయలేదు, వాడి మీద అంత కసి.

పన్నెండో రోజు నారాయణగూడలో వేరే ఓనరు ఇంటికి స్లాబు పడింది. స్లాబు రోజు రాని మనిషిని కూలీల ముఠాలోంచి తీసేస్తారు. ముఠా అంతా మా పాలమూరు వాళ్లే. నేను మోడల్ టెస్ట్‌కి వెళ్లిన పూట వాళ్లే వచ్చి నాయనను ఆటోలో తీసుకెళ్లారు. పని ముట్టనివ్వలేదు, నీడలో కూర్చోబెట్టారు. ఓనరు కూలీల తలలు లెక్కపెట్టడానికి వచ్చినప్పుడు మాత్రం వరసలో నిలబెట్టి, నెత్తిన ఖాళీ తట్ట పెట్టారు. ఓనరు సంబరపడి ఫోటో తీసి స్టేటస్ పెట్టుకున్నాడు.

“ఏం గాలే బిడ్డా, ఉత్త తట్టనే” అన్నాడు నాయన ఆ సాయంత్రం, స్లాబు దావత్‌లో ఇచ్చిన మటన్ నా కంచంలో వేస్తూ.

ఆ ఫోటో ప్రేమ్‌సాగర్ వకీలుకు ఎవరు పంపారో, వాడి చేతులు పడిపోను! ఎస్ఐ మమ్మల్ని పిలిపించి ఫోన్ ముందు పెట్టాడు.

“ఏంది పెద్దాయనా, పనికి పోయినవా?”

“తట్ట ఖాళీదని చెప్పు నాయినా” అన్నాను గుసగుసగా.

నాయన నా చెవి దగ్గరికి వంగాడు. “చెప్తె గా ఓనరు అందర్ని ఎల్లగొడ్తడు చంద్రికా. పిల్లలున్నోళ్లు.” తర్వాత అటు తిరిగి, “మోసిన సారూ. నిండు తట్టనే. పానం మంచిగనే ఉన్నది” అన్నాడు.

ఎస్ఐ సింపుల్ అని రాసుకున్నాడు. నేను అరవాలనుకున్నాను.

పోదాం పద అంటూ నాయన బల్ల మీంచి లేవబోయి లేవలేకపోయాడు. చంకల కింద చేతులు వేసి నేనే లేపాను. ఎస్ఐ అంతా చూశాడు. రాసింది మాత్రం కొట్టెయ్యలేదు.