ఏటా వచ్చే కబురు

"మళ్ళీ చెప్పు" అన్నాడు వీరబ్రహ్మం.

బుల్లియ్య గెడను ఏటి ఇసుకలోకి దించి, దాని మీద ఒళ్ళంతా వాల్చి, పడవను ముందుకు తోసి, ఊపిరి తీసుకున్నాక చెప్పాడు. "గుమ్మం కాడ నిలబడాలండి. లోపలికి అడుగెట్టకూడదండి. తమరు నా వేపు సూసేదాకా ఊరుకోవాలండి. సూసినాక కూడా ఎంటనే నోరిప్పకూడదండి."

"ఎంతసేపు ఇప్పకూడదు?"

"తమరి మొహం మారేదాకాండి."

వీరబ్రహ్మం తృప్తిగా తలూపాడు. ఆశ్వయుజం వచ్చి వరద తీసింది. లంకలు ఒక్కొక్కటే నీళ్ళలోంచి తేలుతున్నాయి. కొత్తగా కడుతున్న రైలు వంతెన స్తంభాలు పొగమంచులో సగం దాకానే కనిపిస్తున్నాయి. కొవ్వూరులో ఎక్కిన వంకాయల గంపలు, వాటిని ఆనుకుని కునుకు తీస్తున్న ఒక ముసలమ్మ తప్ప పడవలో ఇంకెవరూ లేరు. జుట్టు నల్లగా ఉన్న నాటి నుంచీ వీరబ్రహ్మం రోజూ ఈ పడవలోనే బడికి వెళుతున్నాడు.

అతను రాజమండ్రిలో ఒక మిషను బడికి తెలుగు పంతులు. నలుగురిలో నిలబెడితే ఎవరి కంటా పడని మనిషి. పెద్దాపురంలో కంసాలి ఇంట పుట్టి, చిన్నప్పుడు తండ్రి కుంపటి దగ్గర గొట్టం ఊది ఊది కుడిబుగ్గ కొంచెం జారిపోయి, ఎప్పుడూ నోట్లో వక్క పెట్టుకున్నట్టుంటాడు. వేళ్ళ కొనల మీద పాత కాలిన మచ్చలు. మెడ దాకా బొత్తాలు పెట్టిన కోటు మోచేతుల దగ్గర రంగు వెలిసింది. ఒక శాస్త్రులవారి అరుగు కింద నిలబడి విన్న చదువుతోనే పంతులు పని సంపాదించాడు. బళ్ళో ప్రతి పంతులుకీ ఒక మారుపేరు ఉంది గాని, పిల్లలు అతనికి మారుపేరు కూడా పెట్టలేదు. అంతకన్నా చెప్పేదేముంది?

ఏడాదిలో ఒక్కరోజు మాత్రం అతను వేరే మనిషి. పై తరగతికి నాటక లక్షణాలు చెప్పే రోజది. రంగం మీద చావు చూపించకూడదనీ, ఎవరో వచ్చి చెప్పాలనీ పాతకాలపు నియమం. ఆ నియమం చెప్పి అతను ఊరుకోడు. పాఠం మధ్యలో బుల్లియ్య గుమ్మంలోకి వస్తాడు. కాసేపు మాట పెగలనట్టు నిలబడి, మా తమ్ముడు ఏట్లో పోయాడండి అంటాడు. పిల్లలు కొయ్యబారిపోతారు. ఒకరిద్దరికి కళ్ళనీళ్ళు కూడా వస్తాయి. అప్పుడు వీరబ్రహ్మం నవ్వి, బుల్లియ్యకు అసలు తమ్ముడే లేడని చెప్పి, మీ గుండె ఆగింది ఆ మాట విన్నాకా, వినక ముందా అని అడుగుతాడు. వినక ముందేనని పిల్లలు తమంతట తాము కనిపెడతారు. ఇందులో విచిత్రమేమిటంటే, ఒక ఏడు మోసపోయిన పిల్లలు మరుసటి ఏటి పిల్లలకు గుట్టు విప్పరు. తాము వెర్రివాళ్ళయ్యాక ఇంకొకడు తెలివిగా బయటపడటం ఎవరికి ఇష్టం?

ఈ ఏడు ఆ పాఠానికే గండం వచ్చిపడింది. హెడ్మాస్టరు రాజరత్నం గారు మంచివారే. కాని దేవుడి పేర నడిచే బళ్ళో పడవవాడి చేత అబద్ధం ఆడించడం ఆయన మనసుకు ఎక్కలేదు. మద్రాసు నుంచి ఒక బీఏ కుర్రాడు వస్తున్నాడనీ, నాటకం అతనికి అప్పగించి పంతులుగారిని చిన్నపిల్లల అక్షరాలకు మారుస్తాననీ అన్నారు. జీతం తగ్గదని కూడా అన్నారు. ఎవరినీ ఏమీ అడిగి ఎరగని వీరబ్రహ్మం ఆ రోజు ఆయన్ని బతిమాలాడు. ఒక్కసారి వచ్చి కూచుని చూడండి, ఆ తర్వాత మీ ఇష్టం అన్నాడు. రాజరత్నం గారు సరేనన్నారు. ఆ పాఠం చెప్పే రోజు ఇవాళే.

నిజానికి ఆ పాఠం అతను ఏ పుస్తకంలోనూ నేర్చుకోలేదు. పెళ్ళయిన కొత్తలో భార్య లోవమ్మకు కాన్పు కష్టమైంది. ఆమె అవతలి ఒడ్డున ఇంట్లో ఉంది, అతను ఇవతలి ఒడ్డున బళ్ళో పద్యానికి అర్థం చెబుతున్నాడు. బుల్లియ్య వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అప్పటికి ఇద్దరూ పడుచువాళ్ళు. బుల్లియ్య మాట్లాడలేదు, వీరబ్రహ్మం అతని మొహం చూశాడు. ఆ తర్వాత బుల్లియ్య ఏ మాటలతో చెప్పాడో అతనికి గుర్తులేదు. ఆ నిలబడటమే గుర్తుంది. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. కొన్నేళ్ళు పోయాక, పిల్లలకు ఆ నియమం ఎంత చెప్పినా తలకెక్కకపోతే, ఆ రోజు నిలబడ్డట్టు ఇంకోసారి నిలబడగలవా అని పడవలో బుల్లియ్యను అడిగాడు. బుల్లియ్య చాలాసేపు గెడ వేస్తూనే ఉండి, తమరు నిలబడమంటే నిలబడతానండి అన్నాడు. ఏ దుఃఖాన్ని పాఠం చేశారో ఆ ఇద్దరికే తెలుసు. ఇద్దరూ ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

"రేతిరి కాణ్ణుంచీ రొమ్ములో పట్టేసినట్టుందండి" అన్నాడు బుల్లియ్య, గెడ పైకి లాగుతూ. "ఎడం సెయ్యి లాగేత్తంది."

"మంచులో పడవలో పడుకుంటే పట్టెయ్యదూ? ఇంట్లో పెద్దింట్లమ్మని సొంఠి నూరి పట్టు వెయ్యమను." వీరబ్రహ్మం మనసు మధ్యాహ్నం రెండో గంట పాఠం దగ్గరే ఉంది. "మధ్యాహ్నం మాత్రం మరిచిపోకు. ఇవాళ హెడ్మాస్టరుగారు కూచుంటారు."

"ఎలా మర్సిపోతానండి" అన్నాడు బుల్లియ్య. రేవులో పంతులుగారు దిగేదాకా ఎప్పటిలాగే గెడతో పడవను కదలకుండా పట్టుకున్నాడు.

మధ్యాహ్నం రెండో గంట కొట్టాక రాజరత్నం గారు వచ్చి వెనక బెంచీ చివర కూచున్నారు. వీరబ్రహ్మం గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. నాటకానికి వస్తువు, నాయకుడు, రసం మూడూ కావాలన్నాడు. వస్తువు బంగారమైతే నాయకుడు అచ్చు, రసం మెరుగు అన్నాడు. ఎంత మేలి బంగారమైనా మెరుగు పెట్టనిదే ఎవరూ మెడలో వేసుకోరన్నాడు. రైతుల పిల్లలకూ ఈ సంగతి తెలుసు గనక అందరూ తలలూపారు. మాటలు అలా సాఫీగా వస్తుంటే అతని వీపు కూడా కొంచెం నిటారైంది.

"చావుని చూపిస్తే తప్పేంటండి?" అన్నాడు ముందు బెంచీలోని అమ్మిరాజు. ప్రతి ఏడూ ఎవడో ఒకడు ఆ ప్రశ్న అడుగుతాడు. వీరబ్రహ్మం దానికోసం కాచుకునే ఉంటాడు.

"నేనొకసారి ఈ ఊళ్ళోనే డేరాలో నాటకం చూశాను. రాజు పొడుచుకుని చచ్చిపోయాడు. జనానికి ఆ పద్యం నచ్చి వన్స్‌మోర్ అన్నారు. చచ్చినవాడు లేచి, నిలబడి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చాడు." పిల్లలు విరగబడి నవ్వారు. వెనక రాజరత్నం గారు కూడా నవ్వు ఆపుకున్నారు. "నవ్వొచ్చింది కదూ. కళ్ళ ముందు చూపిస్తే అంతే. చూపించకుండా ఒక మనిషి వచ్చి చెప్పాడనుకోండి..."

అతను గుమ్మం వైపు చూశాడు. బుల్లియ్య ఈపాటికి వచ్చి ఉండాలి. గుమ్మంలో ఎండ తప్ప ఏమీ లేదు.

చెప్పినదే మళ్ళీ చెప్పాడు. నాటకానికుండే సంధులు అయిదూ ఏకరువు పెట్టాడు. పిల్లలు ఆవులించారు. రాజరత్నం గారు జేబులోంచి గడియారం తీసి, చూసి, చప్పుడు కాకుండా మూత వేశారు. వీరబ్రహ్మానికి బుల్లియ్య మీద ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆలస్యం చేయని మనిషి ఇవాళే చేయాలా? ఏ బేరం తగిలిందో, అవతలి ఒడ్డుకు పోయుంటాడు అనుకున్నాడు. అక్షరాల తరగతిలో పలకల మీద సున్నాలు దిద్దించడం కళ్ళ ముందు కనిపించింది.

అప్పుడు గుమ్మంలో నీడ పడింది. వచ్చింది బుల్లియ్య కాదు, అతని పెళ్ళాం పెద్దింట్లమ్మ. రేవులో చేపలమ్ముకునే మనిషి. చీర కుచ్చెళ్ళు మోకాళ్ళ దాకా తడిసి కాళ్ళకు అంటుకున్నాయి. ఒక చెయ్యి ద్వారబంధం మీద వేసి, లోపలికి అడుగు పెట్టకుండా నిలబడింది.

ఆహా, వీడి అసాధ్యం కూలా అనుకున్నాడు వీరబ్రహ్మం. ఏటా వచ్చే తనే వస్తే ఎవడైనా పసిగడతాడని పెళ్ళాన్ని పంపాడు. ఎంతగా తర్ఫీదు ఇచ్చాడో ఏమో, ఆవిడ అచ్చం మొగుడిలాగే నిలబడింది. కాదు, ఇంకా బాగా నిలబడింది. చూపు పంతులుగారి మీదే ఉంది గాని అక్కడ ఆగడం లేదు. పెదవులు కదిలాయి, మాట రాలేదు. తరగతి మొత్తం సద్దుమణిగింది. వెనక బెంచీ నుంచి రాజరత్నం గారు సగం లేచారు.

"పంతులుగారండీ" అంది పెద్దింట్లమ్మ. "ఆయన పోయాడండి."

గొంతులో ఏడుపు లేదు. చేపల ధర చెప్పినట్టు చెప్పింది. అమ్మిరాజు చేతిలోంచి పలకపుల్ల జారి కిందపడి దొర్లింది. వీరబ్రహ్మం కావాలనే కాసేపు ఆగాడు. ఆ నిశ్శబ్దాన్ని ఆసాంతం అనుభవించి, అప్పుడు పిల్లల వైపు తిరిగి నవ్వాడు.

"చూశారుగా. మీ గుండె ఎప్పుడు ఆగింది? మాట విన్నాకా, వినక ముందా?"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అమ్మిరాజు "అంటే ఇది ఉత్తిదేనాండి?" అన్నాడు. తరగతి అంతా ఊపిరి వదిలి ఒక్కసారి గొల్లుమంది. పెద్దింట్లమ్మ ఆ నవ్వే మొహాల్ని ఒక్కొక్కదాన్నే చూసింది. ఏదో అనబోయింది.

"ఉండు, ఉండు" అన్నాడు వీరబ్రహ్మం ఉత్సాహంగా. "ఈ మూల వాళ్ళకి సరిగ్గా కనపడలేదు. ఇంకొక్కసారి గుమ్మం బయటికి వెళ్ళి రా అమ్మా. అలాగే నిలబడు. అలాగే చెప్పు."

పంతులుగారు చెప్పిన పని ఎందుకని అడిగే ఇల్లు కాదు అది. పెద్దింట్లమ్మ బయటికి వెళ్ళింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ ద్వారబంధం మీద చెయ్యి వేసింది. ఈసారి మాట రావడానికి ఇంకా ఎక్కువసేపు పట్టింది.

"ఆయన పోయాడండి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. గుట్టు తెలిసి కూడా ఒక పిల్లవాడు కళ్ళు తుడుచుకున్నాడు. రాజరత్నం గారు బెంచీల మధ్య నుంచి నడిచి వచ్చి వీరబ్రహ్మం చెయ్యి పట్టుకున్నారు. "నాటకం మీ దగ్గరే ఉంటుందండీ పంతులుగారూ. నేను ఏదో అనుకున్నాను. వచ్చే ఏడు కూడా మీరే చెప్పాలి" అన్నారు. వీరబ్రహ్మం మొహమంతా నవ్వు పరుచుకుంది. జీవితంలో ఏదైనా గెలవడం అతనికి అలవాటు లేదు.

"ఇంక ఎల్లనాండి?" అంది పెద్దింట్లమ్మ గుమ్మంలోంచి. "పడవలన్నీ ఏటి నడిమినున్నాయండి. రేవులో ఆయనొక్కడే ఉన్నాడండి. కాకులు వాలతాయండి."

వీరబ్రహ్మం ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "ఇంక చాల్లే అమ్మా, అయిపోయింది" అన్నాడు.

"గెడ ఏత్తా ఏత్తా ఇసకలో కూలబడిపోయాడండి. నేనెల్లేతలికి మాట పడిపోతాంది. ఇయ్యాల రాలేనని పంతులుగారితో సెప్పిరమ్మన్నాడండి." ఆమె గొంతు అప్పుడు తెగింది. "ఆకరికి ఆ మాటే అన్నాడండి. నాతో ఏం అన్లేదండి."

అతని మొహం మీది నవ్వు వెంటనే పోలేదు. పోవలసిందని దానికి తెలియనట్టు అక్కడే ఉండిపోయింది. ఆమె మొహంలో ఎక్కడైనా ఆటపట్టింపు ఉందేమోనని వెతికాడు. దొరకలేదు. లోవమ్మ కబురు వచ్చిన గుమ్మం అది. నిజం ఎలా నిలబడుతుందో ఈ బళ్ళో తెలిసిన ఒకే ఒక్క మనిషి తను. ఆ మనిషే దాన్ని మెచ్చుకున్నాడు, పిల్లలకు వేలితో చూపించాడు, బయటికి పంపి మళ్ళీ రప్పించాడు.

"ఏమంటుందండీ ఆవిడ?" అన్నారు రాజరత్నం గారు మెల్లగా. ఇంకా పట్టుకుని ఉన్న వీరబ్రహ్మం చెయ్యి వదిలేశారు. పిల్లల్లో ఒక్కరూ కదల్లేదు. ఇప్పుడు ఏం చెయ్యాలో పంతులుగారు చెబుతారని చూస్తున్నారు.

పెద్దింట్లమ్మ అప్పటికే వెనక్కి తిరిగింది. వీరబ్రహ్మం తలపాగా లేకుండా, చెప్పులు వేసుకోకుండా ఆమె వెనకాల నడిచాడు. క్షమించమనడానికి రెండుసార్లు నోరు తెరిచాడు. ఆమె నడక ఆపలేదు, అతను ఆపమనలేకపోయాడు.

రేవులో బుల్లియ్య తడి ఇసుక మీద వెల్లకిలా పడి ఉన్నాడు. గెడ పట్టుకున్న వేళ్ళు ఇంకా సగం మూసే ఉన్నాయి. వీరబ్రహ్మం పక్కన కూచుని ఆ చెయ్యి తన చేతుల్లోకి తీసుకున్నాడు. పొద్దున లాగేస్తోందన్న ఎడమచెయ్యే అది. "నేను వినలేదురా బుల్లియ్యా" అన్నాడు పైకే. పెద్దింట్లమ్మ కాళ్ళ దగ్గర కూచుని, అప్పుడు, ఎవరూ చూడనక్కర్లేని ఆ చోట, గొంతెత్తి ఏడ్చింది.

చాలాసేపటికి ఏటి నడుమ నుంచి ఒక పడవ ఇటు తిరిగింది. అది వచ్చేలోగా మనిషి మీద కప్పడానికి ఏదైనా ఉందేమోనని వీరబ్రహ్మం బుల్లియ్య పడవలో వెతికాడు. వెనక బల్ల మీద ఒక తెల్లటి తలగుడ్డ కనిపించి చెయ్యి చాపాడు.

"అది బళ్ళోకి కట్టుకోడానికండి" అంది పెద్దింట్లమ్మ ఏడుపు మధ్యలో. "ఏటా ఇయ్యాలే కడతాడండి. నిన్ననే సాకలోడి కాడ్నించి తెచ్చుకున్నాడండి."

వీరబ్రహ్మం చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తన కోటు బొత్తాలు ఊడదీసి, దాన్నే తెచ్చి బుల్లియ్య మొహం మీద కప్పాడు. బల్ల మీద తలగుడ్డ మడత విప్పకుండా అలాగే ఉంది, గాలికి ఎగిరిపోకుండా దాని మీద బుల్లియ్య పెట్టిన చిన్న గులకరాయితో సహా.