మూడు ఎండాకాలాల నీళ్ళు

అడవినీ తాగునీటినీ కలిపి చూసుకోవాల్సిన కొత్త ఉద్యోగులు ఆరుగురు మాస్టారి దగ్గర శిక్షణకు వచ్చారు. ఆయనకదే చివరి బ్యాచ్. వాళ్ళని కొండవాలు మీది ఊట దగ్గరికి తీసుకెళ్ళి, గొట్టం కింద బకెట్ పెట్టించి, ఎంతసేపట్లో నిండుతుందో చూడమన్నారు.

ఇరవై నిమిషాలైనా సగం కాలేదు.

"దీనికంటే మా హాస్టల్ కుళాయే నయం," అన్నాడొకడు. అందరూ నవ్వారు.

వాళ్ళలో కళ్ళజోడు పెట్టుకున్న అమ్మాయి తలెత్తి చూసింది. వాలంతా వరసలు తీరిన జామాయిల్ చెట్లు. "ఇంత దాహం చెట్లని సరిగ్గా ఊట నెత్తిన పెట్టిన మహానుభావుడెవరు సార్?"

ఏ బ్యాచ్ అడిగినా మాస్టారు ఆ మాట దాటేసేవారు. ఆ పూట ఎందుకో దాటెయ్యలేకపోయారు.

"నేనేనమ్మా. అప్పుడు నాది మీ వయసే, అటవీశాఖలో కొత్తగా చేరాను. బోడికొండని పచ్చగా చేశానని మెచ్చుకోలు పత్రం కూడా ఇచ్చారు."

అమ్మాయి ముఖం కందిపోయింది.

దిగువనున్న ఇళ్ళలో మనుషులు మిగిలింది ఒక్క గడపలోనే. అది మాస్టారి అక్కది. పాతవాళ్ళని అడిగి ఊట సంగతులు రాసుకోవడమూ పాఠంలో భాగమే కాబట్టి, పిల్లలు ఆవిడ అరుగు మీద కూర్చున్నారు.

"ధార ఇంత లావుండేది," అంటూ ఆవిడ తన మణికట్టు చూపించింది. "మా తమ్ముడు మొక్కలు నాటాడు గదా, మూడు ఎండాకాలాలు వాటికి బిందెలతో నీళ్ళు మోసింది నేనే. ఈ ఊట నీళ్ళే. మొక్కలు ఎండిపోతే పైవాళ్ళ దగ్గర వాడికి మాటొస్తుందని."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు, కాస్త గొప్పే ఉంది. అమ్మాయి రాయడం ఆపేసింది. గుమ్మం పక్కన నిలబడ్డ మాస్టారికి ఈ సంగతి ఇన్నేళ్ళూ తెలియదు. ఆ మొక్కలు బతికాయంటే తన పనితనమే అనుకున్నారు.

ఆ వారమే అక్క తన కూతురింటికి వెళ్ళిపోయింది. నీళ్ళ ట్యాంకర్ దగ్గర్నుంచి బిందె మొయ్యడం ఇక ఆవిడ మోకాళ్ళ వల్ల కావడం లేదు. నాలుగు రోజులుండి వస్తానంది గానీ, దుప్పట్లతో సహా అన్నీ మూట కట్టుకుంది.

చెట్లని కొద్దికొద్దిగా కొట్టేసి, వాననీరు ఇంకేలా కందకాలు తవ్వాలని పిల్లలు నివేదిక రాశారు. మాస్టారు సంతకం పెట్టారు. అనుమతి రావడానికి ఐదు నెలలు పట్టింది, ఆలోగా ఆయన రిటైరైపోయారు కూడా. అయినా మొదటి వరస కొడుతుంటే వెళ్ళి దగ్గరుండి చూశారు. సాయంత్రం అక్కకి ఫోన్ చేశారు.

"నీళ్ళొచ్చాయేంట్రా?"

"ఇంకా లేదక్కా. నాలుగైదేళ్ళు పడుతుంది. రాకపోనూ వచ్చు."

అక్క మాట మార్చింది.

"ఇంటి రేకులూ తలుపులూ విప్పి తెస్తానంటున్నాడు అల్లుడు. సరేననమంటావా?"

వద్దక్కా అనబోయి మాస్టారు ఆగారు.

"సరేనను," అన్నారు.

ఆ ఆదివారం అల్లుడు కింద నిచ్చెన పట్టుకుంటే, పైకెక్కి రేకులు విప్పింది మాస్టారే.