తిరగని తెర

శశాంక్ హెబ్బార్ బెంగళూరులో ఒక చిన్న కంపెనీలో యాప్‌లు రాస్తాడు. పట్టుగూళ్ల మార్కెట్ కోసం అతను రాసిన యాప్ అక్కడి పరీక్షలో నిలబడితే ఉద్యోగం పర్మనెంటు. లేకపోతే ఇంకో ఆరునెలలు ప్రొబేషను.

యాప్‌లో లోపం ఒకటే. కొనేవాళ్లు నచ్చిన గూళ్ల లాట్లకు టిక్కులు పెట్టుకుంటారు. ఫోన్ అడ్డం తిప్పారో, పాత తెర చచ్చి కొత్త తెర పుడుతుంది. దానికి పూర్వజన్మ గుర్తుండదు. టిక్కులన్నీ గల్లంతు.

"టిక్కుల్ని తెర మీది వరసల్లో కాకుండా విడిగా దాచి, కొత్త తెర రాగానే దానికిద్దాం. రేపు సాయంత్రానికి చేసిస్తా గురూ," అంది పక్క సీటు మమత.

"అంత పని దేనికి? తెర తిరక్కుండా కట్టేశాను. ఇక పోయేదేముంది?" అన్నాడు శశాంక్.

కాలు నొప్పంటే నడక మానెయ్యమనే డాక్టరు కూడా ఇంత నిబ్బరంగా చెప్పడు. జనం అసలు ఫోన్ ఎందుకు తిప్పుతున్నారని మాత్రం అతను అడగలేదు. అలాంటివి అడిగితే మేధావి ఎలా అవుతాడు?

పరీక్ష రోజు మార్కెట్లో, గూళ్ల వాసనకు ముక్కు మూసుకుని మేనేజర్ వైజయంతి పక్కన నిలబడ్డాడు. పట్టుదారం తీసే నవీద్ పాషా కొన్ని లాట్లకు టిక్కులు పెట్టి ఫోన్ అడ్డం తిప్పాడు. తెర కదల్లేదు. మెడ వంచి చూశాడు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా మర్యాదగా మెడలు వంచారు.

"ఏం వెతుకుతున్నారు?" అడిగింది వైజయంతి.

"ధర మేడం. నిలువుగా పట్టుకుంటే కుడిపక్కన ధర తెగిపోతుంది. అడ్డం తిప్పితేనే కనపడేది. ధర చూడకుండా వేలం పాట ఎట్లా పాడేది?"

శశాంక్ చెమటలు కక్కుతూ అక్కడికక్కడే ల్యాప్‌టాప్ తెరిచి, కట్టు విప్పి, యాప్ మళ్లీ ఎక్కించాడు. నవీద్ ఓపిగ్గా మళ్లీ టిక్కులు పెట్టి తిప్పాడు. ధర వచ్చింది. టిక్కులు పోయాయి.

"బాగుంది సార్. సరుకుంటే ధర లేదు, ధరుంటే సరుకు లేదు," అంటూ నవీద్ జేబులోంచి పెన్ను తీసి, లాట్ల నంబర్లు అరచేతిలో రాసుకున్నాడు. అదే చెయ్యి ఎవరికో ఊపుతూ పాట దగ్గరికి వెళ్లిపోయాడు. అంకె ఒక్కటీ రాలలేదు.

వైజయంతి ఆ చేతినే చూసింది. "దీన్ని సరిగ్గా బాగుచేసే దారి ఎవరూ చెప్పలేదా నీకు?"

శశాంక్‌కి అబద్ధమాడాలనే ఉంది. సమయానికి ఒక్కటీ తోచలేదు. "మమత చెప్పింది."

"అయితే ఆమెకి ఫోన్ చెయ్యి. ఈ ఆరునెలలూ ఆమె కిందే పనిచేద్దువుగాని."

మమత ఒక్క మాట కూడా దెప్పదని అతనికి తెలుసు. దెప్పినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోతూ ఆమె పేరు నొక్కాడు.