నా వరం వంటంట

నా వరం వంట అని నా మొగుడే రాసేశాడు. నేను పొయ్యి దగ్గర సంగటి కెలుకుతున్నాను. ఆయన మంచం మీద కూర్చుని, చర్చిలో అందరికీ పంచిన కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని, నన్నొక్క మాట అడక్కుండా నింపాడు. ‘దేవుడు మీకిచ్చిన వరమేది? సంఘసేవలో దాన్ని ఎట్లా వాడతారు?’ అని అడిగారు అందులో.

“వంట, ఊడ్చేది. అంతే గదా. ఈడ సంతకం పెట్టు.”

“నాకు కట్టుబడి పని తెల్సు గదా. అదీ రాయి.”

ఆయన నవ్వాడు. “తట్ట మోసేది వరమా మే? గాడిద గూడా మోస్తాది.”

సంతకం పెట్టాను. సంగటి అడుగంటుతోంది మరి.

పెద్ద ఈరన్న మేస్త్రీ దగ్గర ఇరవై ఏళ్లు తట్ట మోశాను నేను. ఎర్రగుంట్ల చుట్టుపక్కల ఎన్ని మిద్దెలకు కాంక్రీటు ఎత్తానో లెక్కలేదు. తట్ట మోసేవాళ్లకు కళ్లుండవని అందరూ అనుకుంటారు. ఇసుకను పిడికిట్లో పట్టి మన్ను ఉందో లేదో చెప్పగలను. సిమెంటు తక్కువ కలిపితే, తట్ట నెత్తిమీదికి వచ్చేసరికే తెలుస్తుంది. ఇవన్నీ నాకెవరూ నేర్పలేదు. మోస్తూ మోస్తూ తెలుసుకున్నాను.

మా పేటలో కొత్త చర్చికి స్లాబు వేసిన రోజు ఆడవాళ్లందరం కూలి లేకుండా మోశాం. సేవ అన్నారు. కట్టుబడి బాధ్యత మా ఆయన ఏసురాజుది. లారీ డ్రైవరు, పైగా సంఘపెద్ద. మధ్యాహ్నానికి సిమెంటు అయిపోయింది. తెస్తానని పోయిన మనిషి మరుసటి రోజు పొద్దున వచ్చాడు. అప్పటికి సగం స్లాబు రాయిలా గట్టిపడింది. దాని పక్కనే మిగతా సగం పోయించాడు.

“ఇది అతకదు,” అన్నాను తట్ట దించి.

“నోరు మూసుకోని మోయి,” అన్నాడు అందరి ముందర. మోశాను. నా పక్కన తట్ట మోస్తున్న శివజ్యోతి తల వంచుకుంది.

చర్చి ప్రతిష్ఠ దగ్గర పడిందని, స్లాబు ఆరకముందే, పదో రోజుకే దాన్ని మోస్తున్న కింది దన్నులు తీయించాడు. ఆ మరుసటి రోజు ఊడ్చడానికి పోయినప్పుడు, స్లాబు నడిమధ్య ఈ గోడ నుంచి ఆ గోడ దాకా తడి గీత కనిపించింది. కింద సన్నటి బూడిదలాంటి పొడి రాలి ఉంది. ఊడ్చాను. మర్నాడు మళ్లీ రాలింది. రంగులు వేసేవాళ్ల నిచ్చెన ఎక్కి, స్లాబుకు ఒక వేలు కిందుగా, గోడ నుంచి గోడకు దారం బిగించి కట్టాను. మంగళవారం కట్టాను. శుక్రవారానికి స్లాబు దిగి దారాన్ని తాకింది.

ఆదివారం ప్రతిష్ఠకు ముప్పైమంది పిల్లలు సరిగ్గా దాని కింద నిలబడి పాడాలి.

చీపురు అక్కడే పడేసి పాస్టరు జయకుమార్ దగ్గరికి పోయాను. మంచివాడే. కుర్చీ చూపించాడు, అంతా విన్నాడు.

“అమ్మా ఓబులమ్మా, నీకు వివేచన వరం ఉండాదేమో,” అన్నాడు. “అయితే దాన్ని ప్రార్థనలో వాడమ్మా. పెద్దలు ఉండారు, వాళ్లు చూసుకుంటారు.”

పెద్దలంటే ఎవరు? సాయంత్రం ఇంటికి రాగానే ఆ పెద్దమనిషి కంచం తోసేశాడు. “పాస్టరయ్య కాడ నా మర్యాద తీస్తావా? ఆదివారం వంట చేసి ఇంట్లో పండుకో. అటుపక్క కనపడొద్దు.”

శనివారం రాత్రి, ప్రతిష్ఠ విందుకు పులిహోర, కూర వండే పని నాదే. గరిటె తిప్పుతున్నాను గాని, నా చెవులు చర్చివైపే ఉన్నాయి. లారీ పోయినప్పుడల్లా గరిటె ఆపి వినేదాన్ని.

ఆదివారం పొద్దున చర్చి తలుపుకు తాళం వేసి, ఊడ్చేదాన్నని నాకిచ్చిన తాళంచెవిని పిడికిట్లో పెట్టుకుని, గడప మీద కూర్చున్నాను. జనం వచ్చారు. కొత్తబట్టలేసుకున్న పిల్లలు వచ్చారు.

“లేయ్,” అన్నాడు మా ఆయన.

“లేవను.”

శివజ్యోతి వచ్చి నా పక్కన కూర్చుంది. ఆయన మొహం నల్లబడింది. రాయి తెచ్చి తాళం పగలగొట్టాడు. మమ్మల్ని దాటుకుని లోపలికి పోయి, నడిమధ్యలో నిలబడి చేతులు చాచాడు.

“చూడండప్పా! పడిందా? రాండి!”

పిల్లలు బిలబిలా లోపలికి పరుగెత్తారు. నేను లేచి నిలబడి గొంతెత్తి పిలిచాను. “సాహితీ! చైతన్యా! సునీలూ! రండి ఇవతలికి!” ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచాను. ప్రతి ఆదివారం వాళ్ల ప్లేట్లలో అన్నం పెట్టేది నేను. అందరి పేర్లూ నాకు తెలుసు. నా గొంతు వాళ్లకు తెలుసు. ఒకరి వెనక ఒకరు వచ్చేశారు.

లోపల ఆయనొక్కడే మిగిలాడు. చేతులు ఇంకా చాచే ఉన్నాయి. తెల్లచొక్కా భుజం మీద పొడి రాలింది. తలెత్తి చూశాడు. దారం ఆయన నెత్తిమీదే ఉంది, స్లాబు దాన్ని కిందికి నొక్కుతోంది. ఆయన నావైపు చూశాడు. నేనూ చూశాను. శానాసేపు చూశాను.

పాస్టరే అరిచాడు, “ఏసురాజూ, వచ్చేయప్పా!” అని. అప్పుడు కదిలాడు.

ఆ రోజు ఆరాధన ఎదురుగా ఉన్న ఖాళీ స్థలంలో, ఎండలో జరిగింది. స్లాబు సోమవారం పొద్దున కూలింది. లోపల ఎవరూ లేరు. చప్పుడు రైలు పట్టాల దాకా వినబడిందంట.

ఇప్పుడు పాస్టరు నన్ను కట్టుబడి కమిటీలో వేశాడు. కొత్త కాగితం తెచ్చి ఇచ్చాడు, నా చేత్తో నేనే నింపాను. వచ్చే వారం ఆరాధనలో లేచి, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమంటున్నారు. ఆడవాళ్లు నా చేతులు పట్టుకుని ఏడుస్తారు. వాళ్లు నన్ను మెచ్చుకునేకొద్దీ నాకు లోపల చలి పుడుతుంది.

ఆయన ఇంట్లో గొంతెత్తడం మానేశాడు. నేను పెట్టిన అన్నం తింటాడు, నా మొహంలోకి చూడడు. నిన్న చెయ్యి కడుక్కుంటూ, గోడవైపు తిరిగి అడిగాడు.

“పిల్లోళ్లనందర్నీ పేరుపేరునా పిలిచినావు. నన్నెందుకు పిల్చలేదే?”

“ఆలోచిస్తాండా,” అన్నాను.